బంగారు బిళ్ళకు ఒక తోడు

అనగనగా, తాటిచెట్లకు కాస్త పైనా మబ్బులకు కాస్త కిందా, మేఘవాడ అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో విమానాలు ఎగిరేవి. రాజుల కాలంలో విమానాలేమిటని మీలో ఎవరైనా అడిగితే, అడిగినవాళ్ళు కథ అయ్యేదాకా మూలన కూర్చోవాలి. ఎగిరేవంతే.

వాటిని చేయించినవాడు గగనసేన మహారాజు. తేలిక కలపతో ఒళ్ళు చేయించి, రెక్కలకు పట్టుగుడ్డ కట్టించాడు. గాలి అనుకూలిస్తే అవి ఊరి నుంచి ఊరికి, కొండ నుంచి కోనకు హాయిగా పోయేవి. ఎదురుగాలి వీస్తే మాత్రం విమానాల రేవులోనే చతికిలబడేవి. గాలి మళ్ళేదాకా ప్రయాణికులు పడిగాపులు పడాల్సిందే.

మొదట్లో విమానం ఎక్కడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. "నడవడానికి దేవుడు కాళ్ళిచ్చాడుగా, ఇదేం పోయేకాలం!" అన్నారు జనం. కొందరు మాత్రం గుండె చిక్కబట్టుకుని ఎక్కారు. దిగారు. మళ్ళీ ఎక్కారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ ఎక్కారు.

రాజుగారు పొంగిపోయాడు. "మీరు నమ్మి ఎక్కారు కనుకనే నా విమానాలు ఎగిరాయి. మీ మేలు మరువను" అని, తరచుగా ప్రయాణించేవారికి బిళ్ళలు పంచాడు. కొంచెం తిరిగినవారికి రాగి బిళ్ళ. ఎక్కువ తిరిగినవారికి వెండి బిళ్ళ. ఇంట్లో కంటే ఆకాశంలోనే ఎక్కువగా ఉండేవారికి బంగారు బిళ్ళ.

బంగారు బిళ్ళవారి కోసం రేవు పక్కనే ఒక విడిది కట్టించాడు. అబ్బో, ఆ విడిది వైభోగం చెప్పాలంటే నాకు నోరూరుతోంది. కిటికీలకు తడిపిన వట్టివేళ్ళ తడికలు. కూర్చుంటే లేవబుద్ధి కాని మెత్తటి కుర్చీలు. కూజాల్లో చల్లటి నీళ్ళు. ఒక పక్క వేడివేడి మినపగారెలు, ఇంకో పక్క పనసతొనలు, నడిమధ్యన మజ్జిగ బాన. ఎంత తిన్నా ఎవరూ ఏమనరు. ఎంతసేపు పడుకున్నా ఎవరూ లేపరు.

ఆ బిళ్ళ లేనివారికి బయట తాటాకు పందిరి. అక్కడ వేడిగాలి, దుమ్ము, చంటిపిల్లల ఏడుపులు, మూటల మీద మూటలు.

విడిది గుమ్మం పైన ఒక గోరింక కాపలా ఉండేది. వచ్చినవారి బిళ్ళను ముక్కుతో టంగుమని కొట్టి, చప్పుడు విని, అసలుదో నకిలీదో చెప్పేసేది. ఆపైన రాజుగారు పెట్టిన నియమాన్ని గొంతెత్తి చదివేది.

"బిళ్ళ ఉన్నవారు లోపలికి! బిళ్ళకు ఒక తోడు! ఒక్కటంటే ఒక్క తోడు!"

అంటే బంగారు బిళ్ళ ఉన్నవాడు తనతోపాటు ఆ బిళ్ళ లేనివారిని ఒక్కరిని లోపలికి తీసుకుపోవచ్చన్నమాట. ఇష్టముంటే తీసుకుపోవచ్చు, లేకపోతే లేదు. చాలామందికి ఇష్టముండేది కాదు.

ఇంకొక మెలిక కూడా ఉంది. బిళ్ళ ఆయుష్షు ఉగాది నుంచి ఉగాది వరకే. ఆ ఏడాదిలో చేయాల్సినన్ని ప్రయాణాలు చేయకపోతే బంగారు బిళ్ళ పోయి వెండి బిళ్ళ చేతికొస్తుంది. వెండి బిళ్ళకు విడిది తలుపు తెరుచుకోదు. అందుకని ఫాల్గుణ మాసం వచ్చిందంటే రేవులో తమాషా చూడాలి. పనీపాటా లేనివాళ్ళు కూడా హడావిడిగా విమానాలెక్కేవారు.

రత్నాలు అమ్మే నవకోటి శెట్టి అయితే ఎక్కినవాడు దిగేవాడే కాదు. అదే విమానంలో పోయి, అదే కుర్చీలో కూర్చుని తిరిగి వచ్చేవాడు.

"శెట్టిగారూ, ఎక్కడికి ప్రయాణం?" అని ఎవరైనా అడిగితే, "ఎక్కడికీ కాదు, బిళ్ళ కోసం" అనేవాడు. ఆ మాట అనడానికి ఆయనకు సిగ్గు కూడా వేసేది కాదు.

ఆ రేవులోనే దువ్వెనలు అమ్మే తిప్పన అనే వర్తకుడు ఉండేవాడు. కొయ్య దువ్వెనలు, కొమ్ము దువ్వెనలు, పేను దువ్వెనలు మూటగట్టుకుని ఊరూరా తిరిగేవాడు. దువ్వెన కొంటే మళ్ళీ ఏళ్ళ తరబడి కొననక్కర్లేదు కదా, అందుకని కొత్త ఊళ్ళు వెతుక్కుంటూ పోవాల్సి వచ్చేది. అలా తిరిగి తిరిగి తిప్పనకూ బంగారు బిళ్ళ వచ్చింది.

ఆ బిళ్ళంటే తిప్పనకు ప్రాణం. కుంకుడురసంతో కడిగి, పంచె కొంగుతో తుడిచి, మెడలో వేసుకునేవాడు. అతనికి మోకాళ్ళ నొప్పులు. తెల్లవారుజామున మూటతో బయలుదేరి రేవు చేరేసరికి కాళ్ళు పీక్కుపోయేవి. విడిదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, చల్లటి మజ్జిగ గుక్కెడు తాగితే అతనికి మళ్ళీ ప్రాణం లేచి వచ్చేది. రత్నాల శెట్టుల పక్కన తనలాంటి దువ్వెనలవాడు దర్జాగా కూర్చోవడం కూడా కొంచెం బాగుండేది. అందులో తప్పేముంది, మనకైనా బాగుంటుంది.

అయితే తిప్పన ఎన్నడూ ఒంటరిగా లోపలికి వెళ్ళలేదు. ముందు పందిరిలోకి తొంగిచూసేవాడు. కడుపుతో ఉన్న పిల్లో, కాళ్ళు వాచిన ముసలామో, ఎండదెబ్బ తగిలిన బైరాగో కనబడితే, "రండి, నా తోడుగా రండి" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాడు.

ఒకసారి నవకోటి శెట్టి విసుక్కున్నాడు. "ఏమయ్యా తిప్పనా, ఎవరెవరినో తెచ్చి మా పక్కన కూర్చోబెడతావేం? నీకేం ఒరుగుతుంది?"

"నాకు ఒరిగేది ఎప్పుడో ఒరిగింది శెట్టిగారూ" అన్నాడు తిప్పన. "రాజుగారు నన్ను తలుచుకుని ఇంత నీడ ఇచ్చాడు. ఆయనకు తిరిగి ఇవ్వడానికి నా దగ్గరేముంది, దువ్వెనలు తప్ప? ఆయనది బట్టతల!"

విడిదిలో అందరూ నవ్వారు. నవకోటి మాత్రం ముఖం మాడ్చుకున్నాడు.

ఒక ఏడు ఎండలు ముందే ముదిరాయి. ఫాల్గుణం ఆఖరి రోజు. మర్నాడు ఉగాది. పొద్దుటి నుంచీ ఎదురుగాలి. విమానాలన్నీ రెక్కలు ముడుచుకుని రేవులో పడి ఉన్నాయి. పందిరిలో కాలు పెట్టడానికి చోటు లేదు.

ఆ వేళ పోలమ్మ అనే ఆడమనిషి నెత్తిన పెద్ద కుండతో రేవులోకి వచ్చింది. కుండ మూతికి పలచటి గుడ్డ కట్టి, దాని చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంది. లోపలి నుంచి జుమ్మని చప్పుడు వస్తోంది. ఆ కుండలో తేనెపట్టు ఉంది. పోలమ్మ తేనెటీగలను పెంచే మనిషి.

ఆమె దానిమ్మలకోనకు పోతోంది. కిందటేడు కార్చిచ్చు రేగి ఆ కోనలో తేనెటీగలన్నీ మాడిపోయాయి. అప్పటి నుంచీ దానిమ్మలు పూస్తున్నాయి, రాలిపోతున్నాయి. ఒక్క పిందె నిలబడటం లేదు. ఈ పూతకైనా ఈగలు రాకపోతే ఇక ఊరు వదిలి పోవడమే గతి అని కోనవాళ్ళు మూటలు సర్దుకుని కూర్చున్నారు.

పందిరిలో కుండ దించి పోలమ్మ తడిమి చూసింది. చుట్టిన తడిగుడ్డ అప్పుడే ఎండిపోయింది. కుండ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. లోపలి నుంచి రాణి ఈగ సన్నగా పలికింది.

"పోలమ్మా, మైనం మెత్తబడుతోంది. కరిగిందంటే పట్టు కూలిపోతుంది. మా పిల్లలంతా దాని కిందే ఉన్నారు. ఇంత చల్లదనం చూపించు తల్లీ."

పోలమ్మ పరుగున విడిది గుమ్మం దగ్గరకు పోయింది. అప్పుడే నవకోటి శెట్టి తన బిళ్ళ ఊపుకుంటూ లోపలికి పోబోతున్నాడు.

"అయ్యా, తమకు పుణ్యముంటుంది. గాలి మళ్ళేదాకా నన్నూ నా కుండనూ లోపల ఓ మూలన కూర్చోనివ్వండి. ఒక కోన బతుకుతుంది" అంది.

"నా తోడుగా మంత్రిగారి బావమరిది వస్తాడేమో" అన్నాడు నవకోటి.

"ఎప్పుడొస్తారయ్యా?"

"వస్తాడో రాడో. వస్తే?" అని శెట్టి లోపలికి పోయాడు.

అది మొదటిసారి కాదనడం.

వెనకే తిప్పన వచ్చాడు. అలవాటు ప్రకారం పందిరి వైపు చూడబోయి, ఎదురుగా ఏడుపు ముఖంతో నిలబడిన పోలమ్మను చూశాడు. సంగతి విన్నాడు. "ఇంతేనా, పద చెల్లీ" అని తానే కుండకు ఒక చెయ్యి వేశాడు.

గోరింక రెక్కలు టపటపలాడించింది. "ఆగు ఆగు! బిళ్ళకు ఒక్క తోడు! ఈమె ఒకటి. ఆ కుండలో ఉన్నవి వేలకు వేలు. నన్ను అమాయకురాలిననుకున్నావా?"

కుండలోంచి రాణి ఈగ పలికింది. "గోరింకమ్మా, మేం వేలమందిమి కాము. నేను గుడ్లు పెట్టకపోతే వాళ్ళు లేరు. వాళ్ళు తెచ్చి పెట్టకపోతే నేను లేను. ఒక్కర్ని విడదీస్తే ఆ ఒక్కరూ బతకరు. పట్టు మొత్తం కలిసి ఒక్క ప్రాణం."

గోరింక తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. "సరే, న్యాయంగానే ఉంది. పట్టు ఒక్క తోడు. మరి ఈమె ఇంకొక తోడు. ఎవరో ఒకరే లోపలికి."

తిప్పన గుమ్మం లోపలికి తల పెట్టి కేకేశాడు. "నవకోటి శెట్టిగారూ! మీ బిళ్ళ మీద ఈమెను తీసుకోండి. నా బిళ్ళ మీద కుండను తీసుకుంటాను. మీరు లేవనక్కర్లేదు, ఊఁ అంటే చాలు."

శెట్టి గారె నములుతూ, "ఊఁహూఁ" అన్నాడు.

అది రెండోసారి కాదనడం.

పోలమ్మ కళ్ళు తుడుచుకుంది. "నా సంగతి వదిలెయ్యండయ్యా. నేను ఎండలో పుట్టినదాన్నే. వాళ్ళను తీసుకుపోండి."

తిప్పన కుండను ఎత్తుకుని లోపలికి పోయాడు. జుమ్మనే చప్పుడు వినగానే విడిదిలోని పెద్దమనుషులంతా కుర్చీల మీదికి ఎక్కి నిలబడ్డారు. నవకోటి శెట్టి అయితే మజ్జిగ బాన వెనక దాక్కున్నాడు. తిప్పన ఎవరినీ పట్టించుకోకుండా కుండను కిటికీ దగ్గర తడిక నీడన దించాడు. తన పైకండువాను కూజానీళ్ళలో ముంచి కుండకు చుట్టాడు.

అయినా ఈగలు కుదురుగా లేవు. పోలమ్మ వాసన, పోలమ్మ గొంతు వాటికి అలవాటు. అవి రెక్కలు కొట్టుకున్న కొద్దీ లోపల వేడి పెరుగుతోంది. సంగతి గ్రహించి పోలమ్మ బయటి నుంచి కిటికీ దగ్గరకు వచ్చి, మిట్టమధ్యాహ్నపు ఎండలో గోడకు ఆనుకుని నిలబడి, సన్నగా కూనిరాగం తీసింది. మాటలు లేని రాగం. వింటూ వింటూ కుండలోని ఈగలు సద్దుమణిగాయి.

లోపల తిప్పన గుడ్డ తడుపుతున్నాడు. బయట పోలమ్మ పాడుతోంది. మధ్యమధ్యలో తడిక సందులోంచి అతను చెంబుతో మంచినీళ్ళు అందిస్తున్నాడు. ఆమె సగం తాగి, సగం నెత్తిన పోసుకుంటోంది. ఆ రోజు తిప్పన మెత్తటి కుర్చీలో కూర్చోనే లేదు. అయినా అతనికి ఎందుకో చాలా సంతోషంగా ఉంది. ఈ చల్లదనం ఇవాళ్టికి సరైన చోట ఖర్చవుతోందని అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా గాలి మళ్ళింది. రేవంతా ఒక్కసారి లేచి నిలబడింది.

విమానం నడిపే సరంగు వచ్చి చెప్పాడు. "దానిమ్మలకోనకు ఇవాళ పోయేది ఒక్క చిన్న విమానమే. గాలి ఇంకా బలంగా లేదు, బరువు మోయలేం. ముందు బంగారు బిళ్ళలవారికి చోటు. మిగతావారికి రేపు."

బంగారు బిళ్ళలవారితోనే విమానం నిండిపోయింది. చివరి చోటు తిప్పనది. పోలమ్మకు లేదు.

"రేపా?" అంది పోలమ్మ. "రేపటి ఎండకు మైనం నిలవదు బాబూ."

తిప్పన ఆలోచించాడు. కుండను తాను తీసుకుపోతే? కానీ కొత్త చోట చెట్టుకు పట్టు కట్టాలన్నా, ఈగలు బెదిరిపోకుండా నిలవాలన్నా పోలమ్మ ఉండాలి. ఆమె గొంతు లేకపోతే అవి లేచి ఎటో పోతాయి.

అతను నవకోటి శెట్టి దగ్గరకు పోయి చేతులు జోడించాడు. "శెట్టిగారూ, మీరు కోనలో దిగరు కదా. ఊరికే పోయి ఊరికే వస్తారు. మీ చోటు ఈ తల్లికి ఇవ్వండి. జన్మంతా గుర్తుంచుకుంటాను."

"రేపు ఉగాది!" అన్నాడు నవకోటి. "ఈ ఒక్క ప్రయాణం తగ్గితే నా బిళ్ళ వెండి అయిపోతుంది. ఆ వెండి బిళ్ళ వేసుకుని నలుగురిలో ఎలా తిరగను? పరువు పోదూ?"

అది మూడోసారి కాదనడం.

ఇక మిగిలింది తిప్పన చోటే. మీకు చెప్పడం మరిచాను, తిప్పన లెక్కలోనూ సరిగ్గా ఒక్క ప్రయాణమే తక్కువ. ఇవాళ ఎక్కకపోతే అతని బిళ్ళా పోతుంది.

తిప్పన పక్కకు పోయి నిలబడ్డాడు. మెడలోని బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు. మెత్తటి కుర్చీ గుర్తొచ్చింది. తన మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఏడాది పొడవునా ఆ పందిరిలో, ఆ వేడిలో, మూట మీద కూర్చోవడం తలుచుకుంటే ఏడుపొచ్చింది. అవును, నిజంగానే ఏడుపొచ్చింది. మంచివాళ్ళకు ఏదీ కష్టంగా ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి.

తర్వాత కళ్ళు తుడుచుకుని తిరిగి వచ్చాడు.

"చెల్లీ, నా చోటులో నువ్వెక్కు."

"మరి మీరో?"

"నావి దువ్వెనలమ్మా. ఎండకు కరగవు. రేపు వస్తాను."

పోలమ్మ ఎక్కింది. సరంగు తాడు విప్పాడు. విమానం తాటిచెట్లు దాటి, సాయంత్రపు వెలుగులోకి పోయింది. కుండలోని జుమ్మనే చప్పుడు కాసేపు వినిపించి దూరమైపోయింది.

పొద్దు గుంకగానే తిప్పన తానే గోరింక దగ్గరకు పోయి బిళ్ళ తీసి ఇచ్చాడు. ఎవరూ అడగకముందే ఇచ్చాడు.

"నియమం నియమమే తిప్పన్నా" అంది గోరింక, ముఖం పక్కకు తిప్పుకుని. "కానీ దీన్ని పుచ్చుకోవడానికి నా ముక్కు రావడం లేదు."

"పరవాలేదులే. ఇన్నాళ్ళు నీడనిచ్చింది. నేలకు ఆనకుండా పెట్టు" అని బిళ్ళను కళ్ళకద్దుకుని ఇచ్చేశాడు. వెండి బిళ్ళ పుచ్చుకుని పందిరిలోకి పోయి మూట మీద కూర్చున్నాడు.

వేసవి వచ్చింది. వానలు వచ్చాయి. తిప్పన ప్రతి ప్రయాణానికీ పందిరిలోనే వేచి ఉండేవాడు. మోకాళ్ళు వాచేవి. కుర్చీ గుర్తొచ్చేది. కానీ పందిరిలోనూ మనుషులు ఉన్నారు కదా. ఒకామె ఆవకాయ అన్నం ముద్ద చేతిలో పెట్టేది. ఒక తాత తన విసనకర్రతో ఇద్దరికీ సరిపోయేలా విసిరేవాడు. తిప్పన ఆడపిల్లలకు చిక్కులు తీసి తలలు దువ్వేవాడు. "ఈ ముద్ద నాకు ఎవరూ బాకీ లేరు. అయినా పెట్టారు" అనుకుని తిన్న ప్రతిసారీ చేతులు జోడించేవాడు.

చలి మొదలయ్యే వేళకు ఒక పొద్దున కోన నుంచి పెద్ద విమానం వచ్చి దిగింది. అందులోంచి దానిమ్మలకోన పెద్దలు దిగారు. వాళ్ళ వెనక గంపలకు గంపలు దానిమ్మపళ్ళు దిగాయి. రేవంతా ఎర్రబడిపోయింది. ఎన్నాళ్ళకో కాసిన తొలికాపు అది. రాజుగారికి సమర్పించడానికి తెచ్చారు. రాజుగారు కూడా సంబరపడి, తానే రేవుకు బయలుదేరాడు.

అందరికంటే ముందు పోలమ్మ దిగింది. ఆమె చేతిలో ఒకే ఒక్క పండు ఉంది. కోన మొత్తంలో మొట్టమొదట పండిన పండు. దాన్ని రాజుగారి చేతిలో పెట్టాలని పెద్దలు ఆమెకు అప్పగించారు.

పోలమ్మ తిన్నగా విడిది గుమ్మానికి పోయింది. "గోరింకమ్మా, తిప్పన్నను పిలు. చూసి పోతాను."

"తిప్పన్న లోపల లేడు."

"ఊళ్ళో లేడా?"

"ఉన్నాడు. పందిరిలో ఉన్నాడు." గోరింకలకు కడుపులో మాట దాగదు. అందునా ఈ మాటను ఇది ఇన్ని నెలలుగా మోస్తోంది. రెక్కలు కొట్టుకుంటూ మొత్తం కక్కేసింది. "నీకు చోటిచ్చిన సాయంత్రమే అతని బంగారు బిళ్ళ పోయింది! ఆ ఒక్క ప్రయాణం తక్కువై పోయింది! ఎవరూ అడగకముందే తానే తెచ్చి నా ముక్కున పెట్టాడు! అప్పటి నుంచీ ఆ మూట మీదే కూర్చుంటున్నాడు!"

విడిది లోపల అందరూ విన్నారు. నవకోటి శెట్టి నోటి దాకా వచ్చిన గారె అక్కడే ఆగిపోయింది.

పోలమ్మ పందిరిలోకి పరుగెత్తింది. తిప్పన కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు.

"అన్నా! ఆ మాట ఆ రోజు చెప్పలేదేం?"

"చెబితే ఎక్కేదానివా?"

పోలమ్మ అతని ముందు కూలబడి వలవలా ఏడ్చింది. ఏడుస్తూనే చేతిలోని పండును పగలగొట్టి, గింజలు వలిచి, అతని దోసిట్లో పోసింది. "తిను అన్నా. ఇది నీ చోటులో పోయిన ఈగల వల్ల కాసిన పండు."

కోన పెద్దలు కంగారుగా కేకేశారు. "పోలమ్మా! అది రాజుగారి పండు!"

సరిగ్గా అప్పుడే గగనసేన మహారాజు పందిరి ముందుకు వచ్చి నిలబడ్డాడు. తిప్పన నోట్లో గింజలున్నాయి. నమలాలో మింగాలో అతనికి తెలియలేదు.

"నా తొలి పండు తిన్నదెవరు?" అన్నాడు రాజు.

పోలమ్మ లేచి నిలబడింది. "నేనే తినిపించాను ప్రభూ. శిక్ష వేస్తే నాకు వేయండి. కానీ ముందు ఈ పండు ఎలా కాసిందో వినండి."

ఆమె మొత్తం చెప్పింది. ఎండ, కుండ, కిటికీ, చివరి చోటు. మధ్యలో మరిచిపోయినవన్నీ గోరింక అందించింది. రాజు వింటూ వింటూ అక్కడే, ఎవరిదో మూట మీద, కూర్చుండిపోయాడు.

"ఆ బిళ్ళలు నేను ఎందుకు పంచానో నేనే మరిచిపోయాను" అన్నాడు చివరికి. "నన్ను నమ్మినవారికి నమస్కారం చెప్పుకోవడానికి పంచాను. అవి జనాన్ని గుమ్మం బయట నిలబెట్టడానికి పనికొస్తున్నాయన్నమాట. తిప్పనా, నీకు వజ్రాల బిళ్ళ ఇస్తాను. నీ జీవితకాలం అది పోదు. పుచ్చుకో."

తిప్పన గింజలు మింగి, చేతులు జోడించాడు. "ప్రభూ, మీ దయ. ఆ విడిదిలో నేను తాగిన ప్రతి గుక్కకూ మీకు మొక్కాను. వజ్రాల బిళ్ళ ఇస్తే నాకూ నా తోడు ఒక్కరికీ నీడ దొరుకుతుంది, అంతే. ఇవ్వదలిస్తే ఒకటి అడుగుతాను. బిళ్ళను మార్చకండి. నియమాన్ని కొంచెం మార్చండి."

"ఎలా మార్చమంటావు?"

"ఇప్పుడు ఇష్టముంటే తోడును తీసుకుపోవచ్చు. ఇకమీదట తోడు లేనిదే లోపలికి పోకూడదని శాసనం చేయండి. ఎంతటి బంగారు బిళ్ళ అయినా సరే, ఆ బిళ్ళ లేనివారిని ఒకరిని వెంటబెట్టుకు వస్తేనే తలుపు తెరుచుకోవాలి."

రాజు పందిరి అదిరేలా నవ్వాడు. "గోరింకా, విన్నావా? ఇప్పటి నుంచి అదే చదువు!"

మర్నాడు పొద్దున నవకోటి శెట్టి బిళ్ళ ఊపుకుంటూ విడిదికి వచ్చాడు. గోరింక టంగుమని కొట్టి చూసింది.

"బిళ్ళ మంచిదే. తోడేది?"

"తోడా? నాకెవరూ లేరు."

"అయితే తలుపూ లేదు."

శెట్టి పందిరి వైపు తిరిగాడు. ఎన్నేళ్ళుగానో ఆ రేవుకు వస్తున్నాడు గానీ పందిరిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. అప్పటికే ముసలివాళ్ళను, చంటిపిల్లల తల్లులను మిగతా బిళ్ళలవాళ్ళు చేతులు పట్టుకుని తీసుకుపోయారు. దువ్వెనల మూట మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తిప్పన.

శెట్టి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? తాను కాదన్న ప్రతి మాటా ఆయన చెవుల్లో మోగింది. ఇతనూ ఇప్పుడు ముమ్మారు కాదంటాడు, కాదనాలి కూడా, అనుకున్నాడు. తల దించుకుని, వినబడీ వినబడనట్టు అడిగాడు.

"తిప్పనా... నాకు తోడు వస్తావా?"

ఆ మాట పూర్తి కాకముందే తిప్పన చెయ్యి చాపాడు.

"లేపండి శెట్టిగారూ! నా మోకాళ్ళు ఎన్నాళ్ళ నుంచో ఆ కుర్చీ కోసం ఎదురుచూస్తున్నాయి. మీరు పిలిచారు, చల్లగా ఉండండి."

నవకోటి శెట్టి ఆ చెయ్యి పట్టుకుని లేపాడు. దువ్వెనల మూటను తానే భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటాక తిప్పనను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, జీవితంలో మొదటిసారి తన చేత్తో ఇంకొకరికి మజ్జిగ ముంచి ఇచ్చాడు. ఇస్తుంటే ఆయన కళ్ళు నిండిపోయాయి. తిప్పన రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని తాగాడు.

కాబట్టి పిల్లలూ, మన కోసం ఒకరు తెరిచిన తలుపును ఇంకొకరి కోసం పట్టుకుని నిలబడటమే నిజమైన కృతజ్ఞత.